అద్దపుతొట్టిలో అజ్ఞాతమత్స్యము

తొట్టి యద్దములకు పట్టిన పాచిని తినివేయునని చెప్పగా గుంటూరు దుకాణమునుండి వ్రేలెడు పిల్లగా కొనితెచ్చుకొన్న ప్లెకో అను చేప ఏ జాతిదో తెలియగోరువారు, రంగును నమ్మక, అది వీపురెక్కను నిక్కించినప్పుడు ముందరి ముల్లును విడిచి తక్కిన ఈనెలను లెక్కింపవలెను. అవి ఏడెనిమిదియే యైనచో హైపోస్టోమస్ వంటి జాతులలో నొకటి కావచ్చును. మూతిపై మెత్తని కొమ్మలవంటి మీసములు మొలచినచో అన్సిస్ట్రస్. ఈనెలు పదియో, అంతకు మించియో ఉన్నచో, అది మన విపణులలో తరచుగా దొరకు టెరిగోప్లిక్తిస్ అని తలపవచ్చును. పిమ్మట అది అద్దమును కరచుకొని యున్నప్పుడు ఉదరమును పరిశీలింపుడు: మచ్చలు విడివిడిగా నున్నచో టెరిగోప్లిక్తిస్‌లోని పార్డాలిస్ రకము, ఒకదానితో నొకటి కలిసి వంకరగీతలైనచో డిస్‌జంక్టివస్, ఈ రెండింటి నడిమి రూపములును కలవు గావున ఇచ్చట తొందరపాటు తగదు.

దక్షిణ అమెరికా నదులయందు పుట్టి అడుగున్నరవరకు పెరుగు ఈ మత్స్యమును, తొట్టి చాలక, కాలువలలో విడిచిపెట్టుటవలన, అది నేడు కృష్ణాతీరమున వలలను చించు ‘దెయ్యం చేప’యై జాలరులకు దుఃఖహేతువైనది. నీటిలో మిగిలిన డి.ఎన్‌.ఎ. జాడనుబట్టి దీని యునికిని పసిగట్టు పద్ధతిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిరి. తొట్టికి మించి పెరిగినచో దుకాణదారునకే తిరిగి ఇయ్యుడు. అమరావతి రేవులో మాత్రము విడువకుడు.