గిల్టు నగకు ఇంత గిరాకీనా?

బంగారం లేదు, వజ్రం లేదు. అయినా న్యూయార్కులో మిరియం హాస్కెల్ సంస్థ చేయించిన పాత హారాలకు నేటికీ గిరాకీ తగ్గలేదు. ఎందుకంటారా? పనితనం. హారాన్ని వెనక్కి తిప్పి చూడండి. చిల్లుల ఇత్తడి రేకుకు గాజుపూసలు, ఉత్తుత్తి ముత్యాలు సన్నటి తీగతో, చేత్తో అల్లి ఉంటాయి. జిగురుతో అంటించి చేతులు దులుపుకున్న పని కాదది. కరిగిస్తే ఏమొస్తుంది అంటారు కొందరు. నిజమే, ఏమీ రాదు. కానీ కరిగిస్తే డబ్బొస్తుంది కనుకే ఎన్నో బంగారు నగలు మూసలోకి పోయాయి, ఇవి మిగిలాయి. పోనీ, లేనివాళ్ల సరదా అందామా? 1953లో అమెరికా అధ్యక్షుడి భార్య మేమీ ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకార నృత్యోత్సవానికి ట్రిఫారి అనే గిల్టు నగల సంస్థ వారి కృత్రిమ ముత్యాలే వేసుకెళ్లారు. అలాగని పాతదల్లా మంచిదేం కాదు. ముత్యాల పూత పెచ్చులూడితే ధర పడిపోతుంది. కొనేముందు వెనకవైపు చూడండి: తీగా, జిగురా?