అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చెయ్యకపోతే?

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



తెనాలిలో నాకు తెలిసిన పిన్నిగారు ఒకావిడ ఉన్నారు. భర్త పోయిన తరువాత ముందు వాటా అద్దెకిచ్చి, వెనక రెండు గదుల్లో కాలక్షేపం చేస్తున్నారు. ఆవిడ మందులూ, పాలూ, కరెంటు బిల్లూ అన్నీ ఆ అద్దెలోంచే. అద్దెకు దిగినాయన మొదటి ఏడాది ఒకటో తారీఖు దాటకుండా ఇచ్చాడు. ఆ తరువాత "వచ్చే నెల రెండూ కలిపి ఇస్తాను పిన్నిగారూ" అనటం మొదలెట్టాడు. అలా ఏడు నెలలు గడిచాయి. ఖాళీ చెయ్యమంటే, "కోర్టుకు వెళ్ళండి, తేలేసరికి పదేళ్ళు పడుతుంది" అన్నాడు.

ఆవిడ తమ్ముడికి ఒళ్ళు మండింది. "అతను ఊరెళ్ళినప్పుడు సామాను వీధిలో పెట్టి, మన తాళం వేసేద్దాం అక్కయ్యా" అన్నాడు. పిన్నిగారు బజారుకు వెళ్ళి తాళంకప్ప కూడా కొనుక్కొచ్చారు. అదృష్టం బాగుండి, తాళం వేసే ముందు ఒక ప్లీడరుగారిని అడిగారు.

ఆయన చెప్పిన మాట మనమందరం గుర్తుంచుకోవలసింది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షను ఒకటుంది. చట్టప్రకారం కాకుండా ఒక మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొడితే, ఆరు నెలల్లోపు అతను దావా వెయ్యవచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్నతో పనిలేకుండా కోర్టు అతనికి తిరిగి స్వాధీనం ఇప్పించవచ్చు. అంటే ఏడు నెలల అద్దె ఎగ్గొట్టినవాడు ఫిర్యాదీ, పిన్నిగారు ముద్దాయీ అవుతారన్నమాట! కరెంటు తీగ పీకెయ్యటం, కుళాయి కట్టెయ్యటం కూడా ఇలాంటి పొరపాట్లే. కోపంతో చేసిన పని మన న్యాయాన్ని మనమే పాడుచేసుకోవటం అవుతుంది.

మరి ఏం చెయ్యాలి? మన రాష్ట్రంలో అద్దె ఇళ్ళ తగాదాలు చాలాకాలం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద నడిచాయి. ఖాళీ చేయించటానికి ఇంటివారు సరైన కారణం చూపాలని ఆ చట్టం చెప్పింది. కావాలని అద్దె ఎగ్గొట్టటం, రాతపూర్వకమైన అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వటం, ఇల్లు పాడుచెయ్యటం, ఇరుగుపొరుగుకు పీడగా తయారవటం, ఇల్లు మనకే నిజంగా అవసరం కావటం, ఇవీ ముఖ్యమైన కారణాలు. 'కావాలని' అన్నమాట చూడండి. జబ్బువల్లో, జీతం ఆగిపోవటంవల్లో అద్దె ఆలస్యమైతే, బాకీ తీర్చటానికి కొద్ది గడువు ఇచ్చే వీలు కూడా అందులో ఉంది.

2017లో ఆంధ్రప్రదేశ్ కొత్త అద్దె చట్టం చేసింది. అందుచేత మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో, అర్జీ ఎక్కడ పెట్టాలో ప్లీడరుగారిని ముందే అడిగి తెలుసుకోండి. చట్టం ఏదైనా, నోటిమాటకన్నా కాగితానికే విలువ ఎక్కువ.

బాపట్ల సంగతి తీసుకోండి. వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు గనుక చదువుకునే పిల్లలకు గదులు కావాలి. నలుగురున్న కుటుంబానికని మేడమీద వాటా ఇస్తే, వారు మెల్లగా పక్క ఊళ్ళో కాపురం పెట్టి, వాటాను ఎనిమిదిమంది కుర్రాళ్ళకు అద్దెకిచ్చారనుకుందాం. ఒప్పందంలో 'మరొకరికి ఇవ్వరాదు' అన్న ఒక్క వాక్యం ఉంటే మన పని ఎంత తేలికో ఆలోచించండి.

రేపల్లెలో ఇంకొక ఇల్లాలికి వేరే చిక్కు. కొడుకు, కోడలు, పిల్లలు ఊరికి తిరిగి వచ్చారు, ఉన్న గదులు చాలవు. అద్దెకున్నవారేమో నెలనెలా సరిగ్గా ఇచ్చేవారే. ఇటువంటప్పుడు పాత చట్టం కూడా ఇంటివారి అవసరాన్నీ, అద్దెకున్నవారి ఇబ్బందినీ త్రాసులో వేసి చూడమంది. ఇక్కడ తగాదాకన్నా, పిల్లల పరీక్షలయ్యేదాకా గడువిచ్చి మంచిగా అడగటమే మేలు.

ఇక నోటీసు. నెలసరి అద్దెకు, వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదిహేను రోజుల నోటీసు ఇవ్వమంటుంది. పూర్వం ఆ గడువు అద్దె నెల ఆఖరుతో ముగియాలని ఉండేది. ఒక్కరోజు తేడాతో కేసులు పోయేవి. 2002 సవరణ తరువాత నోటీసు అందిన రోజునుంచి లెక్క. నోటీసును స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తరువాత అద్దె డబ్బు తెచ్చి ఇస్తే, ప్లీడరును అడక్కుండా పుచ్చుకోకండి. నోటీసు వదులుకున్నారని వాదించే అవకాశం ఉంది.

అద్దె బాకీకి మూడేళ్ళలోపల దావా వెయ్యాలి. కనుక 'పోనీలే' అని ఏళ్ళ తరబడి ఊరుకోవద్దు. అద్దె బ్యాంకులో వేయించుకోండి, చేతికిస్తే రసీదు రాసి నకలు ఉంచుకోండి. ఏడాదికి మించిన ఒప్పందమైతే రిజిస్టరు చేయించాలి.

'ప్లీడరు ఫీజుకు డబ్బెక్కడిది?' అంటారేమో. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి బాపట్ల, రేపల్లె అందులోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. అయినా దూరం వెళ్ళక్కరలేదు. మీ ఊరి కోర్టులోనే మండల న్యాయసేవా సంఘం ఎక్కడో అడగండి.

మన పిన్నిగారు అలాగే వెళ్ళారు. నోటీసు అందాక ఆ పెద్దమనిషి స్వరం మారింది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. నాలుగు నెలల అద్దె చేతికొచ్చింది, మూడు నెలలది వదులుకున్నారు. అతను చెప్పిన తేదీకి ఖాళీ చేశాడు. అక్కడి రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు.

ఆ తాళంకప్ప ఇప్పుడు ముందు వాటా తలుపుకే ఉంది. తాళంచెవి కొత్తగా దిగిన వాళ్ళకిచ్చారు, ఈసారి కాగితం రాయించుకుని మరీ.

సెలవు.