పంచాయతీ ట్రాక్టరు - డీజిలు పొదుపు

పంచాయతీ సభ్యులారా!

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి వలన గ్రామములకు ట్రాక్టరు, ట్రాలీ సమకూరినవి. డీజిలు ఖర్చు పంచాయతీ నిధులనుండియే గదా! మిగిలిన రూపాయి వీధిదీపమునకు అక్కరకు వచ్చును.

వేగముగా పోవు కారునకు ఎదురుగాలి అడ్డు. మెల్లగా సాగు ట్రాక్టరునకు బరువును, గాలి తగ్గిన టైర్లును అడ్డు. కావున ట్రాలీ టైర్లలో తగిన గాలి ఉంచుడు. మితిమీరిన బరువు వేయవలదు. ఖాళీ ట్రాలీతో మరలునపుడు పై గేరు వేసి ఎక్సలేటరు తగ్గించవలెను. ఇంజను మొరాయించి నల్లపొగ వచ్చినచో గేరు దించవలెను. ఎక్కువసేపు నిలిచినచో ఇంజను ఆపింపుడు.

మేము ముఖ్యముగా మనవి చేయునది ఒకటి కలదు. పోసిన లీటర్లు, నడచిన గంటలు లాగ్‌బుక్కులో వ్రాయింపుడు. నెలనెలా సమావేశములో ఆ లెక్క చూచినచో దుబారా ఎచ్చట జరుగుచున్నదో మీకే తెలియగలదు.