ఫోను అడిగింది, మనం ఇచ్చాం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. తెలుగులో ఎక్కడైనా తడబడితే మన్నించాలి. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టర్ సాబ్, ప్రతి ఏడూ చదువు గురించే మాట్లాడతారు. ఈసారి సెల్ ఫోను గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో దెబ్బతిన్నవాళ్లు మన మొహల్లాలోనే ఉన్నారు. తప్పు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ముందు నా తప్పే చెబుతాను.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి వచ్చాను. పొట్లం విప్పితే నూనె మరకల కింద ఒక పిల్ల ఫోటో కనిపించింది. ఆధార్ జిరాక్సు కాపీ! నా క్లాసు పిల్లదే. నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి చిరునామా, అన్నీ ఉన్నాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తులకని ప్రతి పిల్లనూ రెండేసి కాపీలు తెమ్మన్నది నేనే. కావలసింది ఒకటి, రెండోది "ఎందుకైనా మంచిది" అని తీసుకున్నాను. ఆ కట్టను ఇంటికి తెచ్చి అటక మీద పెట్టి మరిచిపోయాను. రంజాన్ ముందు ఇంటికి సున్నాలు వేయించినప్పుడు అది పాత పేపర్లతో కలిసి తూకానికి పోయింది. వెంటనే బండి దగ్గరకు పరిగెత్తి, ఉన్న కాగితాలన్నీ వెతికితే పదకొండు దొరికాయి. మిగతావి ఏ పొట్లాలై ఎవరిళ్లకు చేరాయో నాకు తెలియదు.

పక్కింటివాళ్లు ఊరికి వెళుతూ నగల పెట్టె మన చేతిలో పెడితే దాన్ని అమానతు అంటాం. రాత్రి నిద్ర పట్టదు గదా! మరి పిల్ల నంబరూ, తల్లి వేలిముద్రా అమానతు కావా? నగ పోతే పోయిందని ఆ రోజే తెలుస్తుంది. వివరాలు పోతే ఎప్పుడు పోయాయో కూడా తెలియదు.

ఇది కేవలం మంచీ చెడ్డల మాట కాదు, చట్టం మాట కూడా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చారు. ఆ కేసు వేసినది జస్టిస్ పుట్టస్వామిగారనే రిటైరైన హైకోర్టు జడ్జి. తీర్పు వచ్చేనాటికి ఆయన వయసు తొంభై దాటింది. ఆ మరుసటి ఏడు, 2018 సెప్టెంబరు 26న, అదే కోర్టు స్కూలు అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి చేయకూడదని చెప్పింది. అంత పెద్దాయన మన కోసం కోర్టు మెట్లెక్కితే, మనం "ఎందుకు?" అని ఒక్క మాట అడగడానికి మొహమాటపడుతున్నాం.

ఫోను కూడా అంతే. టార్చిలైటు యాప్ వేసుకుంటే, నీ ఫోన్‌బుక్కు చూడనా అంటుంది. దీపానికి మన చుట్టాల నంబర్లతో ఏం పని? మనం ఆలోచించం, 'అలౌ' నొక్కేస్తాం. అప్పులిచ్చే యాప్‌లు ఇలాగే నంబర్లన్నీ లాగి, వాయిదా తప్పితే చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీసేవి. అందుకే రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పు యాప్‌లు మన ఫోన్‌బుక్కు, కాల్ వివరాలు, ఫోటోల జోలికి పోరాదని చెప్పింది. అయినా 'అలౌ' నొక్కేది మన వేలే గనక, మొదటి కాపలాదారులం మనమే.

ఇక కస్టమర్ కేర్ సంగతి. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అంటూ పావుగంట పాట వినిపించి లైను తెగిపోతుంది. విసుగెత్తి నెట్‌లో నంబరు వెతుకుతాం. అక్కడ కనిపించే నంబర్లలో కొన్ని దొంగలు పెట్టినవే! వాళ్లు మాత్రం మొదటి రింగుకే ఎత్తి, "చెప్పండి సార్" అని ఎంతో మర్యాదగా మాట్లాడతారు. బ్యాంకు నంబరు పాస్‌బుక్కు మీదో, ఏటీఎం కార్డు వెనకో చూసుకోవాలి గాని నెట్‌లో కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మన మొహల్లాలో బట్టలు కుట్టి సంసారం నడుపుతున్న ఒక ఆపా ఉన్నారు. పేరు చెప్పను. గ్యాస్ కనెక్షన్ వివరాలు సరిచేయాలని వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. నొక్కారు. ఆమెకొచ్చే మెసేజీలన్నీ, ఓటీపీలతో సహా, ఎవడికో చేరిపోయాయి. కూతురి పెళ్లికని దాచిన నలభై రెండు వేలు ఆ రాత్రే పోయాయి. ఆమె తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. మిషను తొక్కుతూనే ఉన్నారు, వంట చేస్తూనే ఉన్నారు. పదో రోజు మా ఇంటికి వచ్చి, "భాయీ, ఒక్క మాట" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "ఎందుకు నొక్కావమ్మా?" అన్నాను. ఆమె తల దించుకుని మరి మాట్లాడలేదు. ఆ తొమ్మిది రోజులూ ఎందుకు దాచారో అప్పుడు నాకు అర్థమైంది. సరిగ్గా ఆ ప్రశ్నకు భయపడే! భర్త ఏమంటాడో, చదువుకున్న కొడుకు "నీకు ఫోనెందుకు" అంటాడేమోనని. తర్వాత 1930కి ఫోను చేశాం, పోలీసు స్టేషనుకు వెళ్లాం. అప్పటికి డబ్బు ఎన్ని ఖాతాలు మారిందో! ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

సోదరులారా, 1930 అనేది ఇలాంటి మోసాల కోసమే ప్రభుత్వం పెట్టిన నంబరు. వెంటనే చెబితే డబ్బు ఖాతాలు దాటకముందే ఆపే వీలుంటుంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదని ఉంది. మన అజాగ్రత్తే అయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయినదానికి బ్యాంకుదే బాధ్యత అని ఉంది. అంటే ప్రతి గంటకూ విలువ ఉంది. దొంగ డబ్బు తీసుకుంటాడు. వాడికి పారిపోయే సమయం ఇచ్చేది మన ఇంట్లోని సిగ్గు, మన ఇంట్లోని ఎగతాళి.

కాబట్టి నా మనవి ఇది. మన సంఘం స్కాలర్‌షిప్ ఫారాలకు ఒక్క కాపీయే తీసుకోవాలి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలినచోట అదే అడగాలి. కాపీ మీద ఎందుకోసమో, ఏ తేదీనో రాయాలి. పని అయ్యాక చింపేయాలి. ఆ చింపే పని ఈ ఏడు నాకు అప్పగించండి, నా అప్పు కొంత తీరుతుంది. రెండోది, ఆదివారాలు మన ఆఫీసులో ఇద్దరు కాలేజీ పిల్లలు కూర్చుని పెద్దలకు ఫోను నేర్పాలి. నేర్పాలి గాని, వాళ్ల పిన్ మాత్రం అడగరాదు.

తల్లులారా, మూడు మాటలు గుర్తుంచుకోండి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే పిన్. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం మన చట్టంలో ఎక్కడా లేదు. 1930ని వంటింటి గోడ మీద పెద్ద అంకెల్లో రాయించండి.

పిల్లలారా, నానీమా ఫోను పట్టుకుని వస్తే లాక్కుని మీరే నొక్కేయకండి. ఆమె చేతే నొక్కించండి. మూడుసార్లు చెప్పాల్సి వస్తే మూడుసార్లు చెప్పండి. మీకు అలిఫ్ దిద్దించినప్పుడు ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కపెట్టలేదు. ఎప్పుడైనా ఆమె "బేటా, పొరపాటైంది" అంటే, నాలాగా "ఎందుకు నొక్కావు" అనకండి. "ఎప్పుడు జరిగింది?" అనండి, వెంటనే ఫోను చేయండి.