హైడ్ పార్కు పెట్టెలు, బెళ్ళందూరు చెరువు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బెళ్ళందూరు చెరువు అనగానే నేటి పిల్లలకు నురుగు జ్ఞాపకం వస్తుంది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువుమీద మంటలు లేచినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు విన్నది. అదే నీటిమీద ఒకప్పుడు విమానాలు వాలేవని చెప్పితే పిల్లలు నవ్వుతారు. కాని అది కట్టుకథ కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కేటలీనా అనే పేరుగల విమానాలు ఈ చెరువులో దిగేవి. వాటి అడుగుభాగం పడవవలె ఉంటుంది. రెక్క ఆ పడవకు పైన, రెండు ఇంజనులు ఆ రెక్కమీద. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్క పొడవు నూట నాలుగు అడుగులు. సముద్రంమీద రోజంతా తిరిగి జలాంతర్గాములను కనిపెట్టడం వాటి పని. అలసిన ఆ విమానాలు మరమ్మతు కొరకు సముద్రానికి ఇంతదూరాన ఉన్న మైసూరు సంస్థానపు చెరువును వెదకుకొంటూ వచ్చేవి.

కారణం పొరుగుననే ఉన్న విమానాల కార్ఖానా. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో దానిని స్థాపించారు. యంత్రాలు, నిపుణులు అమెరికానుంచి వచ్చారు. 1942లో వాల్‌చంద్ వాటాను భారత ప్రభుత్వం కొన్నది. 1943 సెప్టెంబరులో కార్ఖానా అమెరికా సైన్యపు విమానదళం చేతికి పోయినది. దానికి వారు పెట్టుకొన్న పేరు 84వ ఎయిర్ డిపో. అక్కడ తొలిగా మరమ్మతు పొందినది ఒక కేటలీనాయే. తరువాత బర్మా రంగంలో తిరిగిన అన్నిరకాల విమానాలూ వచ్చాయి. రెండేండ్లకు మరల భారతీయుల చేతికి వచ్చేసరికి అది తూర్పుదేశాలలోని పెద్ద మరమ్మతుశాలలలో ఒకటి అయినది.

ఏనాడో తరతరాల క్రితం తవ్విన చెరువుకు, అట్లాంటిక్ ఆవలి దేశానికి ముడి ఎవరు వేశారు? ఆ నిర్ణయాల వెనుక నడిచిన ఉత్తరాలు, తంతివార్తలు ఎక్కడ ఉన్నాయి? నేటి ప్రసంగవిషయం అదే.

ఆ కాలపు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. 1933 నుంచి 1945 ఏప్రిల్ 12న మరణించేవరకు ఆయనే అధ్యక్షుడు. ఆయనకు ముందు అమెరికాలో ఒక వింత ఆచారం ఉండేది. పదవి దిగిన అధ్యక్షుడు కాగితాలన్నీ పెట్టెలకెత్తి ఇంటికి తీసుకొనిపోయేవాడు. అవి ఆయన సొంత ఆస్తి. ఇష్టమైతే దాచుకొనవచ్చును, కాకున్న తగులబెట్టవచ్చును. ఛెస్టర్ ఆర్థర్ అనే అధ్యక్షుడు తన కాగితాలలో పెద్దభాగం కాల్పించివేశాడు. హార్డింగ్ చనిపోయిన తరువాత ఆయన భార్య కొన్నింటిని నిప్పుకు ఆహుతి చేసింది. లింకన్ పత్రాలను ఆయన కుమారుడు ముద్రవేసి దాచగా, అవి 1947లోగాని లోకం కంటబడలేదు. మంటకు పోయినవెన్నో, ఎలుకలకు పోయినవెన్నో! ఈ దేశంలోని తాటాకు గ్రంథాల గతి తెలిసినవారికి ఇది క్రొత్త కథ కాదు.

రూజ్వెల్ట్ ఈ ఆచారాన్ని మార్చాడు. న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున హైడ్ పార్కు అనే ఊరు. ఆయన పుట్టి పెరిగిన ఇల్లు అక్కడిది. ఆ తోటలో ఒక గ్రంథాలయం కట్టించి, తన కాగితాలన్నీ జాతికి దానం చేస్తానని 1938 డిసెంబరులో ప్రకటించాడు. నిర్మాణానికి ప్రజలు విరాళాలిచ్చారు, నిర్వహణ ప్రభుత్వానిది. ఆ ప్రాంతపు డచ్చి వలసకారుల ఇళ్ళవలె మొరటురాళ్ళతో, ఏటవాలు కప్పుతో ఉండాలని నమూనా స్వయంగా గీసి ఇచ్చాడు. 1941 జూన్ 30న దానికి ప్రారంభోత్సవం జరిగినది. పదవిలో ఉండగానే అందులో తన గది ఏర్పాటు చేసుకొని, చక్రాల కుర్చీలో కూర్చుండి పనిచేశాడు. నేడు అక్కడ కోటీ డెబ్బది లక్షల పుటలవరకు ఉన్నాయని లెక్క. పదునైదు లక్షలు దాటిన లెక్క ఎవరికైనా అంకె మాత్రమే. ఒక బీరువాలోని రిజిస్టర్లు సరిచూడడానికే వేసవి సెలవులు చాలవని ఉపాధ్యాయులకు తెలుసు.

ఇన్ని పుటలలో ఒక కాగితాన్ని వెదకడం ఎట్లు? ఇక్కడ ఒక సూత్రం తెలిసికొనవలసియున్నది. గ్రంథాలయంలో పుస్తకాలను విషయాన్నిబట్టి సర్దుతారు. దస్తరాలను అట్లు సర్దరు. ఏ కార్యాలయంలో, ఏ క్రమంలో పుట్టాయో ఆ కార్యాలయపు పేరిటనే, ఆ క్రమంలోనే ఉంచుతారు. కనుక అక్కడికి పోయి భారతదేశపు కాగితాలు ఇమ్మంటే ఒకచోట దొరకవు. శ్వేతసౌధపు అధికార దస్త్రాలలో కొన్ని, అధ్యక్షుని స్వంత ఉత్తరాలలో కొన్ని, ఆయన కార్యదర్శి దగ్గర విడిగా ఉంచిన ముఖ్య పత్రాలలో కొన్ని ఉంటాయి. అన్నిటికంటె గుప్తమైనవి పటాల గదివి. శ్వేతసౌధపు క్రింది అంతస్తులో 1942 జనవరిలో ఏర్పడిన ఆ గదిలో గోడలనిండా యుద్ధరంగాల పటాలు, బల్లలమీద చర్చిల్‌తోను స్టాలిన్‌తోను నడిచిన సందేశాలు. వెళ్ళే సందేశాలు ఒక దళపు సంకేతలిపిలో, వచ్చే సందేశాలు వేరొక దళపు సంకేతలిపిలో సాగేవి. ఆ రెండూ కలిసి పూర్తి కథ తెలిసేది ఆ గదిలో మాత్రమే. గుట్టు నిలుపుకొనడానికి వేసిన ఈ ఎత్తు, పరిశోధకులకు గొప్ప ఉపకారమైనది.

ఇక 1942వ సంవత్సరపు కాగితాలు విప్పవలె. ఆ ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. కోస్తా జిల్లాల ముసలివారు అనేక సంవత్సరాల తరువాతకూడ బాంబులు పడిన ఏడు అని కాలాన్ని గుర్తు పెట్టుకొనేవారు. మద్రాసు నగరం సగం ఖాళీ అయినది. సరిగా ఆ రోజులలోనే ఢిల్లీలో క్రిప్స్ రాయబారం నడుస్తున్నది. రూజ్వెల్ట్ తన ప్రతినిధిగా పంపిన కర్నల్ లూయీ జాన్సన్ ఏప్రిల్ మొదటివారంలో ఢిల్లీ చేరాడు.

అంతకు నెలముందే, మార్చి 10న, రూజ్వెల్ట్ చర్చిల్‌కు ఒక సందేశం పంపాడు. స్వతంత్రమైన క్రొత్తలో అమెరికాలోని పదమూడు రాష్ట్రాలు 1783 నుంచి 1789 వరకు తడబడుతూ, దిద్దుకొంటూ ఒక రాజ్యాంగానికి వచ్చిన కథను ఆయన గుర్తుచేశాడు. భారతదేశంలోకూడ అట్టి తాత్కాలిక ప్రభుత్వాన్ని నిలబెట్టి చూడరాదా అన్నది ఆ సూచన. రాయబారం విఫలమైనదని తెలియగానే ఏప్రిల్ 11న మరొక సందేశం: క్రిప్స్‌ను మరి కొన్నాళ్ళు ఆపి ఇంకొక ప్రయత్నం చేయుమని. ఆ సందేశం ఇంగ్లండులో చర్చిల్‌కు అందినది తెల్లవారుజాము మూడు గంటలకు. రూజ్వెల్ట్ ఆంతరంగికుడైన హారీ హాప్కిన్స్ ఆ రాత్రి అక్కడే అతిథి. చర్చిల్ కోపానికి మేరలేకపోయినది. అప్పటికే క్రిప్స్ తిరుగు ప్రయాణమయ్యాడు. రూజ్వెల్ట్ మరల ఆ విషయమై పట్టుబట్టలేదు.

అదే ఏప్రిల్‌లో నెహ్రూ రూజ్వెల్ట్‌కు వ్రాసిన ఉత్తరం ఉన్నది. జూలై 1న గాంధీజీ వ్రాసినదికూడ ఉన్నది. అమెరికా పత్రికారచయిత లూయీ ఫిషర్ దానిని చేతబట్టుకొని పోయాడు. ఆ ఉత్తరంలో ఒక ముఖ్యవిషయం ఉన్నది: స్వతంత్ర భారతదేశంతో ఒడంబడిక చేసికొని మిత్రరాజ్యాల సేనలు ఇక్కడ ఉండవచ్చునని గాంధీజీ అంగీకరించాడు. ఆగస్టు 1న రూజ్వెల్ట్ మర్యాదగా సమాధానం వ్రాశాడు. తొమ్మిదవ తేదీన గాంధీజీని నిర్బంధించారు. సేనలు వచ్చాయి, ఒడంబడిక మాత్రం లేదు. మరుసటి సంవత్సరం బెళ్ళందూరు చెరువులో కేటలీనాలు దిగినప్పుడు ఈ దేశపు ప్రముఖ నాయకులలో పెక్కుమంది చెరసాలలో ఉన్నారు.

మరియొక కాగితం చదువుటకే కష్టం. 1943లో వంగదేశంలో కరవు లక్షలాదిగా ప్రాణాలు తీసినది. 1944 ఏప్రిల్ 29న చర్చిల్, ఆస్ట్రేలియానుంచి భారతదేశానికి గోధుమలు తెచ్చుటకు ఓడలు ఇమ్మని రూజ్వెల్ట్‌ను అడిగాడు. ఓడలన్నీ యుద్ధానికే కావలెనని, ఇవ్వజాలనని జూన్ 1న సమాధానం వెళ్ళినది. విమానాలకు ఇంజనులు సముద్రాలు దాటి బెంగుళూరుకు వస్తున్న రోజులవి. ఓడలు లేవన్న మాట సైనికదృష్టిలో నిజమే కావచ్చును. కలకత్తా వీధులలో గంజికోసం చేయి చాచినవారి దృష్టి వేరు. సలహా ఇచ్చునప్పుడు ఆయన ఉదారుడు, నష్టం భరించవలసి వచ్చినప్పుడు జంకినవాడు. అయినను ఒక గుణం ఒప్పుకొనవలె. తనకు కీర్తి తేని కాగితాలనుకూడ ఆయన దాచాడు. ఆయన పోయిన అయిదేండ్లకే, 1950 మార్చిలో, వానిలో అధికభాగం చదువరులకు తెరిచారు.

ఈ దేశపు అలవాటు వేరుగా ఉన్నది. 1962 నవంబరు 19న చైనా యుద్ధసమయంలో నెహ్రూ కెనెడీకి వ్రాసిన ఉత్తరాల సంగతి 1965లో రాజ్యసభలో సుధీర్ ఘోష్ ప్రస్తావించగా, అట్టివి లేవన్నట్లే సమాధానం వచ్చినది. వాని పూర్తిపాఠం 2010లో బాస్టన్‌లోని కెనెడీ గ్రంథాలయం బయటపెట్టినది. ఢిల్లీలో వ్రాసిన ఉత్తరాన్ని ఢిల్లీవారు బాస్టన్‌లో చదువుకొనవలసి వచ్చినది.

హైడ్ పార్కు పత్రాలలో కొన్ని లక్షల పుటలను 2013 డిసెంబరు నుంచి ఇంట కూర్చుండియే కంప్యూటరులో చూడవచ్చును. ఉన్నత తరగతుల విద్యార్థులు చూడవలె. అయితే అధ్యక్షుని పెట్టెలలో బెళ్ళందూరు పేరును వెదకి లాభం లేదు. పైన చెప్పిన సూత్రమే కారణం. చెరువులో దిగిన విమానపు లెక్క అధ్యక్షుని బల్లమీద పుట్టదు, డిపోలో పుట్టుతుంది. అమెరికా విమానదళపు శాఖల చరిత్రలు అలబామా రాష్ట్రంలోని మాక్స్‌వెల్ స్థావరంలో భద్రమై ఉన్నాయి. సంస్థానపు ఉత్తర ప్రత్యుత్తరాలకు బెంగుళూరులోని కర్ణాటక రాజ్య పురాభిలేఖాలయం ఉన్నది. ఒక్క చెరువు కథకు మూడు ఊళ్ళు తిరగవలె.

మూడు ఊళ్ళు తిరిగినను దొరకని భాగమొకటి ఉన్నది. కర్నల్ మెకంజీ కాలంలో కావలి బొర్రయ్య సోదరులు గ్రామగ్రామం తిరిగి కరణాలను, పెద్దలను అడిగి కైఫీయతులు వ్రాయించారు. ఊరివారు చెప్పినది ఊరివారి మాటలలోనే ఉండుటచేత అవి నేటికీ ప్రాణంతో ఉన్నాయి. చెరువులో విమానం దిగిననాడు ఒడ్డున గొఱ్ఱెలు కాచుకొంటున్న పిల్లవాడు ఏమనుకొన్నాడో, మడికట్టులో నాట్లు వేసే ఆడవారు ఎటు పరుగెత్తారో అడిగి వ్రాసినవారు లేరు. ఈ చెరువు చుట్టుపట్ల పల్లెలలో కన్నడంతోబాటు తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1943లో ఎనిమిదేండ్ల బాలునికి నేడు తొంబది నిండాయి. అట్టివారు వేళ్ళమీద లెక్కింపదగినంతమందియే మిగిలియుందురు. వారి ఇంటి అరుగుమీద ఒక సాయంకాలం కూర్చుండుటకు విద్యార్థులకు ఏ దేశపు అనుమతి పత్రమూ అక్కరలేదు.

బెళ్ళందూరు పంచాయతి 1990ల చివరనే తన లెక్కలను కంప్యూటరుకు ఎక్కించి పేరు పొందినది. ఆ పంచాయతి 2007లో మహానగరంలో కలిసిపోయినది. పాఠశాల కార్యాలయపు బీరువాలో తొలి ప్రవేశ పట్టిక ఇంకను ఉన్నది. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అందులో విద్యార్థి పేరు ప్రక్క గడిలో తండ్రి పేరు, దాని ప్రక్క గడిలో తండ్రి వృత్తి. ఆ తండ్రులలో ఎందరు యుద్ధకాలంలో ఆ కార్ఖానా ద్వారం దాటి పనికి పోయినవారో, జూబిలీ సంవత్సరం ముగియకముందే తొమ్మిదవ తరగతి పిల్లలు ఆ గడి చదివి వేరొక పుస్తకంలో ఎత్తివ్రాయవలెనని నిర్ణయమైనది. పట్టికను తాకుటకు ముందు చేతులు కడుగుకొనవలె, పెన్సిలుతోనే వ్రాయవలె. హైడ్ పార్కులోనూ అదే నియమం.