సున్నా ఎలా వచ్చింది?



2021 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ లోక్‌సభలో ఒక లెక్క చెప్పింది. 2020 డిసెంబర్ దాకా ఐదేళ్లలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది చనిపోయారు. అదే ఏడాది జూలైలో అదే శాఖ రాజ్యసభలో, గత ఐదేళ్లలో మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల ఒక్క మరణమూ నమోదు కాలేదని చెప్పింది.

చనిపోయినవాళ్లు తిరిగి రాలేదు. మారింది పేరే. 2013 చట్టం మాన్యువల్ స్కావెంజింగ్‌నీ, మురుగు కాలువల్లో ప్రమాదకరమైన శుభ్రతా పనినీ వేర్వేరుగా నిర్వచించింది. సర్కారు ఆ సందులోంచి సున్నా తీసింది. కానీ ఆ రెండో పని చేయించడం కూడా అదే చట్టం కింద నేరమే.

ఈ వార్తను 'మరణాలు లేవన్న కేంద్రం, ఖండించిన ఉద్యమకారులు' అని రాస్తే సమతుల్యత అంటున్నారు. ఇక్కడున్నవి రెండు అభిప్రాయాలు కావు, ఒకే శాఖ ఇచ్చిన రెండు జవాబులు. వాటిని పక్కపక్కన పెట్టడానికి బెజవాడ విల్సన్ స్పందన కోసం ఆగక్కర్లేదు. పార్లమెంటు రికార్డు తిరగేస్తే చాలు. ఆ పని చేయకపోతే మంత్రి మాట వార్తవుతుంది, 340 చావులు ఆరోపణ అవుతాయి.

రేపు మన థీసిస్‌లలో ఆధారాలుగా చేరేవి ఈ వార్తలే. అందుకే 'ప్రభుత్వం ఖండించింది' అని ఉదహరించే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఏ పదాన్ని ఖండించింది? ఏ నిర్వచనం చాటున? అంతకుముందు తానే ఏం చెప్పింది?

జై భీమ్.