గ్యాస్ బర్నర్ రూపకల్పన: జెట్ నుంచి జ్వాల వరకు



ఈ రోజు పాఠం కోసం నేను స్టూడియోకి తెచ్చుకున్న వస్తువులు మూడే మూడు. ఒక పాత గ్యాస్ స్టవ్, ఒక స్పానర్, ఒక గుండుసూది. స్టవ్ మీ ఇళ్లలో ఉన్నలాంటిదే. స్పానర్ దాన్ని విప్పడానికి. గుండుసూది సంగతి కాసేపట్లో చెబుతాను. ప్రస్తుతానికి దాన్ని ఈ కథలో ప్రతినాయకుడు అనుకోండి.

బర్నర్ అనగానే మనకు చుట్టూ చిల్లులున్న ఇత్తడి మూత గుర్తుకొస్తుంది. మంట అక్కడే కనిపిస్తుంది కాబట్టి అలా అనుకోవడం సహజం. అయితే ఇంజనీరు దృష్టిలో నాబ్ దగ్గర నుంచి గిన్నె అడుగు వరకు ఉన్న దారి అంతా బర్నరే. స్టవ్‌ను ఇలా తిరగేసి చూడండి. నాబ్ వెనక చిన్న ఇత్తడి ముక్క ఉంది. దాని కొనలో కంటికి ఆనీ ఆనని చిల్లు ఉంది. ఇది జెట్. దాని ఎదురుగా ఒక లావుపాటి గొట్టం నోరు తెరుచుకొని ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి అతుక్కొని లేవు, మధ్యలో ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూసి కొందరు ఇక్కడ గ్యాసు బయటికి పోదా అని భయపడతారు. పోదు. ఎందుకు పోదో తెలిస్తే ఈ పాఠంలో సగం తెలిసినట్టే.

ముందు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో చూద్దాం. 19వ శతాబ్దంలో యూరప్ నగరాల్లో బొగ్గు నుంచి తీసిన గ్యాసును దీపాలకు వాడేవారు. గొట్టం చివర నేరుగా అంటిస్తే పచ్చని మంట వచ్చేది. ఆ పసుపు రంగు నిజానికి మంటలో ఇంకా కాలని కార్బన్ రేణువుల వెలుగు. కొవ్వొత్తిలోనూ అదే జరుగుతుంది. దీపానికి అది కావలసిందే గాని, వేడికి పనికిరాదు. మసి పడుతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బున్సెన్‌కు తన సొంత వెలుగు లేని, శుభ్రమైన మంట కావలసి వచ్చింది. 1855 ప్రాంతంలో అక్కడి మెకానిక్ పీటర్ డెసాగా ఆయనకోసం బర్నర్ తయారు చేశాడు. గ్యాసు, గాలి కలిసిన తర్వాతే మండాలన్నది దాని సూత్రం. అంతకుముందే మైకేల్ ఫారడే ఇలాంటి ప్రయత్నం చేశాడు కూడా. మీ ప్రయోగశాలలోని బున్సెన్ బర్నర్‌కూ, మీ వంటింట్లో స్టవ్‌కూ ఉన్న చుట్టరికం అది.

ఇక లెక్కలోకి వద్దాం. 2 కిలోవాట్ల బర్నర్ ఒకటి తయారు చేయాలనుకుందాం. సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒక కిలో కాలితే సుమారు 46 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కాబట్టి గంటకు దాదాపు 157 గ్రాముల గ్యాసు కావాలి. 14.2 కిలోల సిలిండర్ ఈ ఒక్క బర్నర్‌కు దాదాపు 90 గంటలు వస్తుందన్నమాట. ఘనపరిమాణంలో చెబితే సెకనుకు 20 ఘన సెంటీమీటర్లు. ఒక పెద్ద చెంచాడు కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఈ గ్యాసును నెట్టేదేమిటి? రెగ్యులేటర్ దాటాక పీడనం చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. ఇది 30 సెంటీమీటర్ల నీటి స్తంభంతో సమానం. మీ జామెట్రీ స్కేలు నిలబెడితే ఎంత ఎత్తో అంత నీరు! ఇంత కొద్ది పీడనం ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. పీడనాన్ని పాస్కల్‌లలోకి మారిస్తే సుమారు 2940. దాన్ని రెట్టింపు చేసి, గ్యాసు సాంద్రత, అంటే ఘనపు మీటరుకు సుమారు 2.2 కిలోలతో భాగించి, వర్గమూలం తీయండి. సెకనుకు 50 మీటర్ల పైచిలుకు వస్తుంది. గంటకు 180 కిలోమీటర్లు! ఆ చిన్న చిల్లులోంచి గ్యాసు రైలుకన్నా వేగంగా దూసుకువస్తోంది. ఆ వేగంతో సెకనుకు 20 ఘన సెంటీమీటర్లు రావాలంటే, అంచుల దగ్గర జరిగే నష్టాన్ని కూడా కలుపుకొని, చిల్లు వ్యాసం సుమారు 0.75 మిల్లీమీటరు ఉండాలి.

ఇప్పుడు ఖాళీ సంగతి. జాతీయ రహదారి మీద లారీ దూసుకుపోతే పక్కనున్న ఎండుటాకులు దాని వెంట పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. జెట్ నుంచి వచ్చే గ్యాసు కూడా చుట్టూ ఉన్న గాలిని తన వెంట లాక్కుపోతుంది. తన ద్రవ్యవేగాన్ని గాలికి పంచిపెట్టి, తాను నెమ్మదిస్తుంది. దీన్ని చాలా పుస్తకాల్లో బెర్నౌలీ పేరు చెప్పి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నాకైతే ద్రవ్యవేగం లెక్కతో ఆలోచిస్తేనే విషయం బాగా బోధపడుతుంది. ఖాళీలోంచి గాలి లోపలికి లాగబడుతోంది కాబట్టి గ్యాసు బయటికి రాదు. గొట్టం లోపలిది ఒకచోట సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది చూశారా? సన్నని చోటు వ్యాసం జెట్ చిల్లు వ్యాసానికి సుమారు 12 రెట్లు ఉంటే మనకు కావలసిన గాలి వస్తుందని ఒక లెక్క.

ఎంత గాలి కావాలి? ఒక ఘనపరిమాణం ప్రొపేన్ పూర్తిగా కాలడానికి 5 ఘనపరిమాణాల ఆక్సిజన్, బ్యూటేన్‌కు ఆరున్నర కావాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. అంటే ప్రొపేన్‌కు దాదాపు 24 రెట్లు, బ్యూటేన్‌కు 31 రెట్లు గాలి కావాలి. మన మిశ్రమానికి 28 రెట్లు అనుకుందాం. ఆ చెంచాడు గ్యాసు ఇంత గాలిని తనంతట తాను లాగలేదు. సుమారు 15 రెట్లు లాగుతుంది. దీన్ని ప్రాథమిక గాలి అంటాం. మిగతాది మంట చుట్టూ ఉన్న గాలి నుంచి పైన అందుతుంది. అది ద్వితీయ గాలి. స్టవ్‌కు కాళ్లు ఉండేది, బర్నర్ చుట్టూ ఖాళీ వదిలేది అందుకే. మంట గాలికి ఆరిపోతోందని చుట్టూ రేకు బిగించేవారు ఈ రెండో గాలికి దారి మూసేస్తున్నారు.

ఇప్పుడు మన దగ్గర సెకనుకు సుమారు 320 ఘన సెంటీమీటర్ల మిశ్రమం ఉంది. దీన్ని ఎన్ని చిల్లుల్లోంచి వదలాలి? రూపకల్పనలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎల్‌పీజీ, గాలి సరైన పాళ్లలో కలిసిన మిశ్రమంలో జ్వాల సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో ముందుకు పాకుతుంది. గ్యాసు పాలు ఎక్కువైతే ఇంకా నెమ్మదిస్తుంది. మిశ్రమం బయటికి వస్తుంటే జ్వాల దానికి ఎదురీదుతుందన్నమాట. మిశ్రమం మరీ నెమ్మదిగా వస్తే జ్వాల చిల్లులోంచి లోపలికి దూరి జెట్ దగ్గర మండుతుంది. స్టవ్ 'టప్' మని శబ్దం చేసేది అప్పుడే. మరీ వేగంగా వస్తే మంట చిల్లును వదిలి పైకి లేచి ఆరిపోతుంది, కాలని గ్యాసు గదిలోకి చేరుతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పేరుకుంటుంది.

రెండు మిల్లీమీటర్ల చిల్లులు 90 పెట్టామనుకోండి. మొత్తం వైశాల్యం సుమారు 2.8 చదరపు సెంటీమీటర్లు. మిశ్రమం వేగం సెకనుకు 113 సెంటీమీటర్లు. జ్వాల వేగం అందులో సగం కూడా లేదు కదా, మరి మంట ఎగిరిపోదా? పోదు. ప్రతి చిల్లు మీద నీలిరంగు శంకువు కనిపిస్తుంది, గమనించండి. చిల్లు వైశాల్యం కన్నా శంకువు ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ. పాకే వేగం తక్కువైనా, కాలే ఉపరితలం పెద్దది కాబట్టి వచ్చినంత మిశ్రమాన్నీ కాల్చగలుగుతుంది. పైగా చిల్లు అంచును ఆనుకొని మిశ్రమం నెమ్మదిగా కదులుతుంది. మంట అక్కడ కాలూనుకొని నిలబడుతుంది.

మరి సిమ్‌లో పెట్టినప్పుడు వేగం పడిపోతుంది, అప్పుడు మంట లోపలికి ఎందుకు దూరదు? దీనికి జవాబు 1815లో హంఫ్రీ డేవీ గని కార్మికుల కోసం చేసిన సేఫ్టీ ల్యాంప్‌లో ఉంది. దీపం చుట్టూ సన్నని లోహపు జాలీ పెట్టి, మంట జాలీ దాటి గనిలోని మీథేన్‌ను అంటుకోకుండా చేశాడాయన. చిన్న చిల్లు గోడలు జ్వాల నుంచి వేడిని లాగేసుకుంటాయి, అది లోపలికి పోలేక చల్లారిపోతుంది. చిల్లులు తక్కువగా, పెద్దవిగా కాకుండా, ఎక్కువగా, చిన్నవిగా పెట్టడానికి ఒక కారణం ఇదే. కడిగిన తర్వాత మూతను వంకరగా పెడితే ఒకవైపు పెద్ద సందు ఏర్పడుతుంది. అప్పుడు డేవీ చెప్పిన కాపలా పోతుంది.

ఇప్పుడు గుండుసూది. కొన్నేళ్ల క్రితం చలికాలంలో మా పెద్దక్క ఇంటికి వెళ్లాను. వంటింటి గిన్నెలన్నీ అడుగున నల్లగా ఉన్నాయి. సాయంత్రం వంట అయ్యేసరికి రోజూ తలనొప్పి వస్తోందంటుంది. చలికని కిటికీ మూసి పెట్టింది. "అక్కా, స్టవ్ ఎవరైనా బాగుచేశారా?" అని అడిగాను. "ఎవరో ఎందుకురా, నేనే చేశాను. సూదితో తిప్పి తిప్పి శుభ్రం చేశాక మంట ఎంత పెద్దదయిందో చూడు!" అంది గర్వంగా. మంట పెద్దదైన మాట నిజమే. పచ్చగా, పొడుగ్గా, గిన్నె అంచులు దాటి వస్తోంది.

ఆ జెట్‌ను విప్పి మా కాలేజీ వర్క్‌షాపుకు తీసుకువెళ్లాను. 0.75 ఉండవలసిన చోట 0.85 మిల్లీమీటరు డ్రిల్ బిట్ సునాయాసంగా దూరింది. పదో వంతు మిల్లీమీటరు తేడాకు ఏమవుతుందని అనుకోకండి. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. గ్యాసు 28 శాతం పెరిగింది. గాలి కూడా అంతే పెరిగితే ఇబ్బంది లేదు. కాని పైనున్న చిల్లులు మారలేదు. అందువల్ల మిశ్రమం మొత్తం ద్రవ్యవేగపు వర్గమూలాన్ని బట్టి, అంటే 13 శాతమే పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. 15 రెట్లున్న ప్రాథమిక గాలి 13 రెట్లకు పడిపోతుంది. ఇది చిల్లు గుండ్రంగా ఉంటే వచ్చే లెక్క. సూదితో గీసిన చిల్లు వంకర పోతుంది, గ్యాసు గొట్టం మధ్యకు కాక గోడకు తగులుతుంది, గాలి ఇంకా తగ్గుతుంది.

గాలి తగ్గితే మంట పొడుగవుతుంది. పూర్తిగా కాలకముందే గిన్నె అడుగును తాకుతుంది. అందులో నీళ్లుంటే ఆ అడుగు వంద డిగ్రీలు దాటి పెద్దగా వేడెక్కదు. జ్వాలకు అది మంచుగడ్డతో సమానం. దహనం మధ్యలో ఆగిపోయి కార్బన్ మసిగా అంటుకుంటుంది, కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన కిటికీ వెనక ఆ తలనొప్పి దేని గుర్తో నాకు అప్పుడు అర్థమైంది. కొత్త జెట్ వేయించాం, కిటికీ తెరిపించాం. తలనొప్పి మళ్లీ రాలేదు. "మంట మాత్రం చిన్నదైపోయింది" అని అక్క ఇప్పటికీ అంటుంది.

మంచి బర్నర్‌కు కొలత మంట పొడవు కాదు, దక్షత. భారతీయ ప్రమాణం ఐఎస్ 4246 ప్రకారం ఎల్‌పీజీ స్టవ్ కనీస దక్షత 68 శాతం. అంటే 100 జౌళ్ల గ్యాసు కాల్చితే 68 జౌళ్లయినా గిన్నెకు చేరాలి. గిన్నె పెట్టే స్టాండు ఎత్తు ఇందులో కీలకం. తక్కువైతే మంట సగంలో చల్లారుతుంది, ఎక్కువైతే వేడి పక్కల నుంచి గదిలోకి పోతుంది. గువాహటి ఐఐటీలో మంటను చిల్లుల మీద కాకుండా రంధ్రాలమయమైన సిలికాన్ కార్బైడ్ పొరలోనే నిలిపే బర్నర్ రూపొందించారు. ఆ పొర ఎర్రగా కాలి వేడిని వికిరణంగా గిన్నెకు పంపుతుంది.

కొలిమిలో పరిస్థితి వేరు. అది మూసిన గది, చుట్టూ గాలి ఉండదు. కాబట్టి గాలి అంతా బ్లోయర్‌తోనే ఇవ్వాలి. కంసాలి ఊదుగొట్టంతో దీపం మంటలోకి ఊదినప్పుడు చేసేది ఇదే. కాని వేగం ఎక్కువ కాబట్టి మంట ఎగిరిపోతుంది. రాజమండ్రి వంతెన స్తంభాల వెనక గోదావరి సుడులు తిరగడం చూసిన వారికి ఇక్కడి ఉపాయం సులభంగా తెలుస్తుంది. బర్నర్ నోటి దగ్గర ఒక మెట్టు పెడితే, దాని వెనక వేడి వాయువులు సుడి తిరుగుతూ వచ్చే మిశ్రమాన్ని ఎప్పటికప్పుడు అంటిస్తుంటాయి. వెలిగించే ముందు బ్లోయర్‌తో లోపలున్న పాత గ్యాసును ఊదేయడం కొలిమి దగ్గర మొదటి నియమం.

చివరగా ఒక లెక్క మీకు వదులుతాను. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో చాలా ఇళ్లకు గొట్టాల ద్వారా సహజ వాయువు వస్తోంది. అది ముఖ్యంగా మీథేన్. ఒక ఘనపు మీటరులో ఎల్‌పీజీకి ఉన్న వేడిలో మూడో వంతే దానిలో ఉంటుంది. వచ్చే పీడనం కూడా తక్కువ, సుమారు 21 మిల్లీబార్లు. సాంద్రత ఘనపు మీటరుకు 0.7 కిలో, వేడి 34 మెగాజౌళ్లు తీసుకొని అదే 2 కిలోవాట్లకు జెట్ వ్యాసం కనుక్కోండి. నాకు 1.07 మిల్లీమీటర్లు వచ్చింది. వైశాల్యం ఎల్‌పీజీ జెట్‌కు రెట్టింపు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు జెట్లు మార్చేది అందుకే. ఇప్పుడు ఆ కుటుంబం ఇల్లు మారి, స్టవ్‌తో సహా సిలిండర్ ఉన్న ఊరికి వెళ్లిందనుకోండి. జెట్లు మార్చకుండా బిగిస్తే ఎన్ని కిలోవాట్ల మంట వస్తుంది, ప్రాథమిక గాలి ఎన్ని రెట్లకు పడిపోతుంది? కావలసిన అంకెలన్నీ ఈ పాఠంలోనే ఉన్నాయి. వచ్చే పాఠంలో కొలిమి గోడల ఇటుకల గురించి మాట్లాడుకుందాం. సెలవు.